కృష్ణ లోయలో వజ్రాల గనులు నిజంగా ఎక్కడుండేవి?

మీరు అడిగింది ఇదీ. నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలం లాంచీలో వెళ్తుంటే పక్క సీట్లో ఆయన రెండు వైపులా ఉన్న కొండలు చూపించి, "కోహినూరు ఇక్కడే దొరికింది, ఆ కనిపించే గుహలన్నీ పాత వజ్రాల గనులే" అన్నాడు. అది నిజమేనా? ఇంత కీకారణ్యంలో జనం ఎలా తవ్వారు? ఆ గనులు ఇప్పుడు వెళ్ళి చూడొచ్చా?

నేను ముప్ఫై ఏళ్ళకు పైగా జియాలజిస్టుగా పనిచేసి రిటైరయ్యాను. అందులో సగం పైగా పల్నాడులో, నల్లమల అంచుల్లో గడిచింది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు సూటిగా జవాబు చెప్తాను. కృష్ణ ఒడ్డున ప్రపంచమంతా చెప్పుకున్న వజ్రాల గనులు ఉండేవన్నది నిజం. కానీ అవి మీరు లాంచీలో వెళ్ళిన ఆ లోయలో లేవు. లోయ దాటి, సాగర్ కూడా దాటి, నది పల్నాడులోకి వచ్చాక, కొల్లూరు అనే ఊరి దగ్గర ఉండేవి. మీరు చూసిన గుహలు గనులు కావు, రాతిపొరలు వాటంతటవి విరిగిపడగా మిగిలిన తొర్రలు. ఇక కొల్లూరు గనులను ఇప్పుడు చూడటం కుదరదు, కారణం కింద చెప్తాను.

గనుల సంగతి అర్థం కావాలంటే ముందు లోయ ఎలా పుట్టిందో తెలియాలి. మహాబలేశ్వరం దగ్గర పుట్టిన కృష్ణ చాలా దూరం మైదానం మీదే నింపాదిగా వస్తుంది. సంగమేశ్వరం ప్రాంతంలో తుంగభద్రను కలుపుకొన్నాక ఎదురుగా నల్లమల అడ్డం వస్తుంది. మామూలుగా కొండ అడ్డమొస్తే నీళ్ళు పక్కకు తిరిగి పల్లం వెతుక్కుంటాయి. కృష్ణ అలా చేయలేదు, కొండల్ని నిలువునా కోసుకుంటూ పోయింది. ఎందుకంటే నది అక్కడ ముందునుంచీ ఉంది, నేల ఆ తర్వాత మెల్లమెల్లగా పైకి లేచింది. దారాన్ని రెండు చేతులా బిగించి పట్టుకుని, ఉడికిన కోడిగుడ్డును కిందనుంచి దాని మీదికి నెట్టితే ఎలా తెగుతుందో చూడండి. దారం ఉన్నచోటే ఉంటుంది, కోత మాత్రం లోతుకు దిగుతుంది. ఇక్కడ జరిగిందీ అదే, కాకపోతే లక్షల ఏళ్ళు పట్టింది.

దీనికి సాక్ష్యం మీరే కళ్ళారా చూడొచ్చు. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వచ్చే దారిలో దోమలపెంట దగ్గర ఆక్టోపస్ వ్యూపాయింట్ అంటారు కదా, అక్కడ నిలబడి కిందికి చూస్తే నది పాము మెలికలు తిరిగి కనిపిస్తుంది. అలాంటి మెలికలు చదును నేల మీద పారే నదికి పడతాయి. నిటారు రాతిగోడల మధ్య, అంత లోతున అవే మెలికలు ఉన్నాయంటే, నది ఆ దారి పట్టిన రోజుల్లో అక్కడ లోయ లేదన్నమాట. పాత మైదానపు దారినే నది రాతిలోకి దించుకుంది. నేను ఎన్నిసార్లు వెళ్ళినా ఆ చోట బండి ఆపకుండా పోలేను.

ఇంకో మాట. మీరు చూసింది పూర్తి లోయ కాదు. 1955లో పునాదిరాయి పడి, 1967లో కాలువలకు నీళ్ళు వదిలిన సాగర్ జలాశయం వెనక్కి వెనక్కి పోయి శ్రీశైలం డ్యామ్ కింద లింగాలగట్టు దాకా లోయను నింపేసింది. మీ లాంచీ 110 కిలోమీటర్లు తేలింది నది మీద కాదు, మునిగిన లోయ మీద. సాగర్ నిండుగా ఉంటే నీటిమట్టం 590 అడుగులు. శ్రీశైలం గుడి ఉన్న గట్టు 1,300 అడుగులకు పైనే ఉంటుంది. ఆ నీళ్ళ కింద ఇంకా ఎంత ఉందో ఊహించుకోండి. శ్రీశైలంలో నదికి పాతాళగంగ అన్న పేరు ఊరికే రాలేదు. డ్యాములు లేని రోజుల్లో మల్లన్న దర్శనానికి వచ్చినవాళ్ళు స్నానానికి మెట్లు దిగుతూ దిగుతూ నిజంగా పాతాళానికే వెళ్తున్నామనుకున్నారు.

ఇప్పుడు రాళ్ళ సంగతి. సాగర్ దగ్గర లాంచీ బయల్దేరేటప్పుడు చుట్టూ ఉన్న కొండల్ని గమనించారా? పైభాగం బల్లపరుపుగా, కత్తితో కోసినట్టు ఉంటుంది. అంచున నిలువు రాతిగోడ. దాని కింద వాలు మీద గుండ్రటి బండలు దొర్లినట్టుంటాయి. కింది బండలు గ్రానైటు, వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. పైన పలకలు పలకలుగా పేర్చినట్టున్నది శ్రీశైలం క్వార్ట్‌జైట్, అంటే ఒకప్పటి సముద్రతీరపు ఇసుక గట్టిపడి రాయైనది. అదీ వంద కోట్ల ఏళ్ళకు పైబడినదే. ఆ రెంటి మధ్య గీతలా ఒక అతుకు కనిపిస్తుంది. ఒకసారి ఒక వాగు గట్టున ఆ అతుకు మీద అరచేయి పెట్టి నిలబడ్డాను. బొటనవేలి కింద గ్రానైటు, మొరంలా పొడిపొడిగా రాలుతోంది. చిటికెనవేలి కింద క్వార్ట్‌జైట్, సుత్తితో కొడితే గంటలా మోగుతోంది. ఆ రెండు వేళ్ళ మధ్య కోట్ల ఏళ్ళ చరిత్ర లేదు, అదంతా కొట్టుకుపోయింది. క్వార్ట్‌జైట్ పలక ఒకటి తిరగేస్తే దాని మీద అలల గుర్తులు, నిన్న మొన్న చెరువు గట్టున ఇసుక మీద పడ్డట్టు తాజాగా ఉన్నాయి. ఈ అతుకును గుర్తుపెట్టుకోండి, తర్వాత దీని పని పడుతుంది.

ఆ క్వార్ట్‌జైట్ గోడల్లో పలకల మధ్య మెత్తటి పొర ఉన్నచోట అది ముందు అరిగిపోతుంది, పైపలక చూరులా మిగులుతుంది. మీకు గనుల నోళ్ళలా కనిపించినవి ఇవే. పాతాళగంగ నుంచి పడవలో వెళ్ళే అక్కమహాదేవి గుహలు కూడా ఇలా సహజంగా ఏర్పడ్డవే. పన్నెండో శతాబ్దపు శివభక్తురాలు తపస్సు చేసిన చోటుగా వాటిని చెప్పుకుంటారు తప్ప, అక్కడ ఎవరూ ఏమీ తవ్వలేదు.

మరి లోయలో వజ్రాలు ఎందుకు లేవు, కిందెందుకు ఉన్నాయి? ఇరుకైన లోయలో వరదనీటికి వేగం ఎక్కువ. ఇసుకైనా కంకరైనా అక్కడ ఆగదు, కొట్టుకుపోతుంది. ఆ ఇరుకు దాటి వాలు తగ్గాక, నది వెడల్పయ్యాక వేగం పడిపోతుంది. అప్పుడు ముందుగా కిందికి దిగేవి బరువైన రాళ్ళు. మామూలు పలుగురాయి నీటికంటే రెండున్నర రెట్లకు కాస్త ఎక్కువ బరువు. వజ్రం మూడున్నర రెట్లు. చేటలో బియ్యం చెరిగితే తేలికైన ఊక ముందుకుపోయి, రాళ్ళు వెనక మిగులుతాయే, నది చేసిందీ అచ్చంగా అదే. ఒడ్డున పాత వరదలు వదిలిన గులకరాళ్ళ పొరల్లో వజ్రాలు అక్కడక్కడా పోగయ్యాయి. కొల్లూరులో తవ్వింది ఆ గులకరాళ్ళ పొరనే. కొండను తొలిచి సొరంగాలు వేసిన గని కాదది, చేను తవ్వినట్టు తవ్విన గని.

ఈ విషయం మనకు ఇంత వివరంగా తెలియడానికి కారణం జాఁ బాప్టిస్ట్ తావెర్నియే అనే ఫ్రెంచి నగల వ్యాపారి. 1640ల్లో ఆయన గోల్కొండ నుంచి ఏడు రోజులు తూర్పుగా ప్రయాణం చేసి ఈ చోటికి వచ్చాడు. పారసీలో దీని పేరు కొలూర్ అనీ, స్థానికులు మాత్రం "గని" అంటారనీ రాసుకున్నాడు. ఎంత ముచ్చటగా ఉందో చూడండి. ఆయన "ఇదేమిటి" అని అడిగి ఉంటాడు, మనవాళ్ళు "గని" అని ఉంటారు, అదే ఊరి పేరనుకుని పుస్తకానికి ఎక్కించాడు. నాకు తెలిసినంతలో మన మామూలు తెలుగు మాట ఒకటి యూరప్ వ్యాపారుల పుస్తకాల్లోకి ఊరి పేరుగా వెళ్ళిన సందర్భం ఇదొక్కటే.

తనకు వందేళ్ళ ముందు ఒక పేదరైతు జొన్నో సజ్జో చల్లడానికి నేల తవ్వుతుంటే ఒక మొనదేలిన రాయి దొరికిందని, అది పాతిక క్యారెట్ల వజ్రమని, అలా ఈ గని బయటపడిందని అక్కడివాళ్ళు చెప్పగా రాశాడు. ఊరికీ కొండలకూ మధ్య మైదానం, చుట్టూ అర్ధచంద్రంలా కొండలు. తవ్వకం కొండల వైపు జరిగేకొద్దీ పెద్ద రాళ్ళు దొరికేవట, మరీ పైకి ఎక్కితే మాత్రం ఏమీ లేవట. ఈ ఒక్క వాక్యం చదివితే ఆయన వ్యాపారే అయినా నేలను ఎంత శ్రద్ధగా చూశాడో తెలుస్తుంది.

పనిచేసేవాళ్ళు, ఆడా మగా పిల్లాజెల్లా కలిపి 60,000 మంది అన్నాడు. అతిశయం ఉందేమో అని నాకూ అనుమానం ఉండేది. కానీ అంతకు ఇరవయ్యేళ్ళ ముందే మచిలీపట్నం ఇంగ్లీషు కోఠీలో, అంటే వాళ్ళ వ్యాపార కేంద్రంలో పనిచేసిన విలియం మెథోల్డ్ కూడా వచ్చి చూసి 30,000 మంది అని రాశాడు. కాబట్టి ఇక్కడ ఒక పట్నమంత జనం ఉండేవారన్నది నమ్మదగ్గదే.

మీరు అడిగిన "ఎలా తవ్వారు" అన్నదానికి జవాబు ఆయన రాతల్లోనే ఉంది. ముందు దేవుణ్ణి తెచ్చి పెట్టి పూజ చేసేవారు, అందరికీ భోజనాలు. తర్వాత తవ్వాల్సిన చోటు పక్కనే నేల చదును చేసి, చుట్టూ రెండడుగుల ఎత్తున గోడ కట్టి, గోడ అడుగున అక్కడక్కడా తూములు వదిలేవారు. మగవాళ్ళు పది, పన్నెండు, పద్నాలుగు అడుగుల దాకా తవ్వేవారు, ఊట నీరు తగిలితే ఆపేవారు. ఆడవాళ్ళు, పిల్లలు ఆ మట్టిని మోసుకొచ్చి గోడ లోపల పోసేవారు. ఊట నీటినే కుండలతో తోడి దాని మీద పోసి, అంబలిలా అయ్యేదాకా ఒకటి రెండు రోజులు నానబెట్టేవారు. తూములు తెరిస్తే బురద కారిపోయేది. మిగిలిన ఇసుక, గులకరాళ్ళు ఎండకు ఆరాక చేటలతో చెరిగేవారు, కళ్ళంలో ధాన్యం చెరిగినట్టే. గడ్డలను రోకళ్ళతో దంచి మళ్ళీ చెరిగేవారు. చివరికి నేల మీద పరిచి, వరసగా కూర్చుని చేతులతో ఏరేవారు.

చూడండి, ఇందులో ఒక్క పరికరం కూడా కొత్తది కాదు. గడ్డపార, గంప, కుండ, చేట, రోకలి. మన వ్యవసాయం తెలిసినవాడెవడైనా ఆ గనిలో దిగి తెల్లారేసరికి పని నేర్చుకునేవాడు. నేను ఫీల్డులో ఒకసారి పల్నాడు కూలీ ఒకామెకు కంకర శాంపిల్ ఇచ్చి, బరువు రాళ్ళు విడిగా కావాలన్నాను. నా దగ్గర జల్లెళ్ళు, పళ్ళేలు అన్నీ ఉన్నాయి. ఆమె అవేవీ ముట్టుకోకుండా చేట తెప్పించుకుని, మణికట్టు తిప్పుతూ నాలుగు విసుర్లు విసిరింది. నల్లటి బరువు ఇసుక చేట వెనక అంచున సన్నటి గీతలా నిలిచింది. కొల్లూరు ఆడవాళ్ళ చేతులు ఎలా ఆడి ఉంటాయో నాకు ఆరోజు అర్థమైంది.

ఆ చేతులకు ముట్టింది మాత్రం చాలా తక్కువ. తావెర్నియే చూసిన మరో గని రావల్కొండలో, పని బాగా తెలిసిన కూలీకి కూడా ఏడాదికి మూడు వరహాలే (ఆనాటి బంగారు నాణేలు) కూలి. ఒకడు రెండు క్యారెట్ల రాయిని కంటి మూలలో దాచుకుని దొరికిపోయాడట. కడుపు నిండని కూలికి వజ్రాలు ఏరేవాడు కంట్లో రాయి పెట్టుకున్నాడంటే ఆ బాధ ఎంతటిదో. యాభై మంది కూలీలకు పన్నెండు నుంచి పదిహేను మంది కాపలా. గోల్కొండ వజ్రాల గొప్పతనం చెప్పుకునేటప్పుడు ఈ మూడు వరహాలను కూడా చెప్పుకోవాలని నా పట్టుదల.

రాళ్ళ నాణ్యం చూసే పద్ధతీ వేరే. యూరప్‌లో పగటి వెలుగులో చూస్తే, ఇక్కడ రాత్రిపూట గోడలో గూడు తొలిచి, లావు వత్తితో దీపం పెట్టి, ఆ వెలుగులో వేళ్ళ మధ్య రాయిని పట్టుకుని దాని "నీరు", అంటే స్వచ్ఛత, మెరుపు చూసేవారని తావెర్నియే రాశాడు.

ఇక కోహినూరు. అది కొల్లూరుదే అని అందరం అంటాం, నేనూ చిన్నప్పుడు అలాగే నేర్చుకున్నాను. కానీ ఫలానా రోజున ఫలానా గుంతలో దొరికిందని చెప్పే పత్రం ఏదీ లేదు, అది పరంపరగా వస్తున్న మాటే. తావెర్నియే కొని 1668లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీకి అమ్మిన నీలిరంగు వజ్రం విషయంలో కాస్త గట్టిగా మాట్లాడొచ్చు. అదే తర్వాత కోతకు గురై, ఫ్రెంచి విప్లవంలో దొంగిలింపుకు గురై, చివరికి హోప్ వజ్రంగా 1958లో వాషింగ్టన్ స్మిత్‌సోనియన్ మ్యూజియానికి చేరింది. ఇప్పుడు దాని బరువు 45.52 క్యారెట్లు. అది కొల్లూరు నుంచే వచ్చి ఉండాలని నిపుణులు భావిస్తున్నారు. ప్యారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉన్న రీజెంట్ వజ్రం కూడా కృష్ణ ఒడ్డుదే. కొల్లూరుదని కొందరు, విజయవాడ రోడ్డు మీదున్న పరిటాలదని కొందరు అంటారు. "గోల్కొండ వజ్రాలు" అన్న పేరు విని గోల్కొండలో గనులున్నాయనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. అక్కడ ఒక్క గనీ లేదు. రాజ్యం అది, బజారు అక్కడిది, రాయి మాత్రం ఇక్కడిది.

1720ల్లో బ్రెజిల్‌లో వజ్రాలు బయటపడ్డాయి. అప్పటిదాకా ప్రపంచానికి వజ్రమంటే దాదాపుగా మన దేశమే. ఆ తర్వాత కొల్లూరు మెల్లగా అడుగంటింది, జనం పోయారు, గుంతల్లో తుమ్మలు మొలిచాయి. చివరికి ఊరు ఎక్కడుందో కూడా బయటివాళ్ళు మరిచిపోయారు. తావెర్నియే చెప్పిన "గని" ఇదేనని 1880ల్లో జియలాజికల్ సర్వేలో పనిచేసిన వాలెంటైన్ బాల్ పాత పటాలు ముందేసుకుని తేల్చాడు. ఇప్పుడు ఆ ఊరూ, ఆ పాత గుంతలూ పులిచింతల జలాశయంలో మునిగిపోయాయి. నిండితే 45.77 టీఎంసీల నీళ్ళు పట్టే జలాశయం అది. చూడటం కుదరదన్నది అందుకే.

ఆ వజ్రాలు మొదట పుట్టింది ఎక్కడన్నది వేరే చర్చ. వజ్రం నేలలో వందల కిలోమీటర్ల లోతు నుంచి కింబర్లైటు, లాంప్రాయిటు అనే అగ్నిశిలల ద్వారా పైకి వస్తుంది. అనంతపురం వజ్రకరూరులో, పాలమూరు నారాయణపేటలో కింబర్లైట్లు ఉన్నాయి. నల్లమలలో చెలిమ దగ్గరా, కృష్ణ ఒడ్డున జగ్గయ్యపేట వైపూ లాంప్రాయిట్లు ఉన్నాయి. బనగానపల్లె పొర అనే పాత గులకరాతి పొరలోనూ వజ్రాలు దొరికాయి. కొల్లూరు రాళ్ళు వీటిలో దేన్నుంచి వచ్చాయన్న వాదన ఇంకా తెగలేదు. నా అంచనా మాత్రం, బనగానపల్లె లాంటి పాత పొరల్లో ఒకసారి చేరిన రాళ్ళనే నది రెండోసారి కడిగి ఏరి పెట్టిందని.

అయితే లోయలో ఖనిజమే లేదా అంటే ఉంది. అక్కడే మొదట చెప్పిన అతుకు పని పడుతుంది. గ్రానైటూ క్వార్ట్‌జైటూ కలిసే ఆ గీత వెంట యురేనియం ఉంది. సాగర్ ఎడమవైపున్న లంబాపూర్, పెద్దగట్టు, ఇంకాస్త ఎగువన చిత్రియాల్ ఈ రకానివే. 2000ల్లో లంబాపూర్ గని ప్రతిపాదన వచ్చినప్పుడు జనం గట్టిగా ఎదురు తిరిగారు. 2019లో అమ్రాబాద్ పులుల అడవిలో 83 చదరపు కిలోమీటర్లలో అన్వేషణకు ప్రతిపాదన వస్తే చెంచులూ, హైదరాబాద్ విద్యార్థులూ, అందరూ కదిలారు. అదే సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ ఏకగ్రీవంగా వద్దని తీర్మానించింది. నేను జియాలజిస్టుని, ఖనిజం వెతకడమే నా బతుకు. అయినా ఇక్కడ వద్దనే అంటాను. ఆ అతుకే ఊటలకూ దారి. పైన పడ్డ వాన క్వార్ట్‌జైట్ పగుళ్ళలోంచి దిగి, గ్రానైటు తగలగానే పక్కకు తిరిగి చెలమలుగా బయటికొస్తుంది. చెంచు పెంటలు, అంటే వాళ్ళ గూడేలు, చాలావరకు ఆ చెలమల పక్కనే ఉన్నాయి. బోరు దించే చోటూ, వాళ్ళు నీళ్ళు ముంచుకునే చోటూ ఒకటే గీత మీద ఉన్నాయి. కింద సాగర్, దాని నీళ్ళు తాగే హైదరాబాద్.

మళ్ళీ వెళ్తే వేసవిలో కాకుండా వానలు పడి సాగర్ నిండాక వెళ్ళండి, నీళ్ళు చాలకపోతే శ్రీశైలం లాంచీ నడవదు. అడవిలో సొంతంగా దిగొద్దు, అది పులుల అభయారణ్యం. రాళ్ళు ఏరడం చట్టప్రకారం నేరం కూడా. ఒక పూట కేటాయించి నాగార్జునకొండ దీవి మ్యూజియం చూడండి. మూడో శతాబ్దపు ఇక్ష్వాకుల శిల్పాలు, లేత ఆకుపచ్చ ఛాయ ఉన్న సున్నపురాయి. ఈ పరిసరాల్లో తవ్వి తీసిన రాయే అది. వజ్రాల కంటే వెయ్యేళ్ళకు పైగా ముందే ఈ లోయ ఒడ్డున రాయి తీసినవాళ్ళున్నారు, వాళ్ళ చేతిపని ఆ పలకల మీద ఇంకా కనిపిస్తుంది.